చిలకపచ్చ జాకెట్టుకు థైరాయిడ్

మా ప్రాంతీయ గ్రంథి సంరక్షణ కేంద్రంలో థైరాయిడ్ జబ్బును టేపుతో కొలిచిన రోజుల గురించి బయట రకరకాలుగా చెప్పుకుంటున్నారు. కొందరు నవ్వుతున్నారు కూడా. నవ్వేవాళ్ళకు ప్రభుత్వ కార్యాలయం ఎలా నడుస్తుందో తెలియదు. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని, పేరు సోమేశం. ఆ ఉత్తర్వులన్నిటికీ ముసాయిదా రాసింది నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలిగేదీ నేనే.

ముందు కేంద్రం సంగతి చెప్పాలి. సన్నబడాలనే పిచ్చిలో కొందరు అవసరం లేకపోయినా థైరాయిడ్ బిళ్ళలు మింగి గుండెదడ తెచ్చుకుంటున్నారని ఒక ఏడాది పత్రికల్లో గోలయింది. ప్రభుత్వం మేలుకుంది. ప్రభుత్వం మేలుకుంటే ఊరికే కూర్చోదు, ఒక కార్యాలయం తెరుస్తుంది. అలా జిల్లాకొకటి చొప్పున మా కేంద్రాలు పుట్టాయి. మా ముద్ర ఉన్న కార్డు చూపిస్తే తప్ప రాష్ట్రంలో ఏ మందుల షాపూ థైరాయిడ్ బిళ్ళ అమ్మకూడదని నిబంధన. షాపుల వాళ్ళు చచ్చినా అమ్మేవారు కాదు, లైసెన్సు పోతుందని భయం.

మొదట్లో సవ్యంగానే నడిచింది. రక్తం తీసేవాళ్ళం, పరీక్ష చేసేవాళ్ళం, డాక్టర్ హైమవతి గారు మందు రాసేవారు, నేను ముద్ర గుద్దేవాణ్ణి. ఆ తర్వాత రక్తపరీక్ష యంత్రం పాడైంది. కొత్త డైరెక్టరుగా విశ్వపతి గారు వచ్చారు. ఈ రెండిట్లో ఏది ముందు జరిగిందో నాకిప్పుడు గుర్తులేదు, ఫలితం మాత్రం ఒకటే.

విశ్వపతి గారు వైద్యులు కారు. మత్స్యశాఖ నుంచి బదిలీ మీద వచ్చారు. చేపను తూకం వెయ్యకుండా, తల నుంచి తోక దాకా పొడవు కొలిచి బరువు చెప్పేసే పట్టిక ఒకటి చెరువుల వాళ్ళకు పంచిపెట్టి అక్కడ గొప్ప పేరు తెచ్చుకున్నారు. కుర్చీలో కూర్చున్న రోజునే, "గ్రంథి జోలికి పోకుండా గ్రంథి సంగతి తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా?" అని అడిగారు. ఎవరికీ అర్థం కాలేదు గనుక అందరం తలలూపాం.

మార్గం ఆయనకొక ఆరోగ్య మాసపత్రికలో దొరికింది. థైరాయిడ్ పనితీరుకూ, నడుము చుట్టుకొలతకూ, ఒంటి బరువుకూ ఏదో సంబంధం కనిపిస్తోందని ఎక్కడో పరిశోధకులు రాశారట. ఆ ముక్క కత్తిరించి తెచ్చి సిబ్బంది సమావేశంలో చదివారు.

"ఏతావాతా తేలినదేమిటి? నడుము తెలిస్తే థైరాయిడ్ తెలిసినట్టే. అలాంటప్పుడు ప్రజల రక్తం మనమెందుకు తియ్యాలి? టేపు చాలు."

హైమవతి గారు నెమ్మదిగానే చెప్పారు. "సార్, థైరాయిడ్ మందగిస్తే ఒళ్ళు వచ్చే మాట నిజమే. అలాగని ఒళ్ళొచ్చిన వాళ్ళందరికీ థైరాయిడ్ ఉండదు, సన్నగా ఉన్నవాళ్ళకి లేదనీ కాదు. పొయ్యి వెలిగించినా పొగొస్తుంది, బీడీ కాల్చినా పొగొస్తుంది కదండీ."

"డాక్టర్ గారూ, నేను పదకొండేళ్ళు చేపల్ని కొలిచాను. ఒక్క చేప కూడా ఎదురు చెప్పలేదు."

ఆ సాయంత్రం నేను ముసాయిదా రాశాను. "ఇందుమూలముగా సమస్తమైనవారికీ తెలియజేయడమేమనగా, ప్రజాహితాన్ని దృష్టిలో ఉంచుకుని, సదరు గ్రంథి యొక్క పనితీరును నడుము చుట్టుకొలత ద్వారా నిర్ధారించవలెను." ఆడవాళ్ళకు ముప్పై రెండు అంగుళాలు దాటితే స్వల్పం, ముప్పై ఆరు దాటితే మధ్యమం, నలభై దాటితే తీవ్రం. ముప్పై రెండుకి లోపలుంటే సాధారణం, అంటే జబ్బు లేదు, మందు లేదు. మగవాళ్ళకు ప్రతి మెట్టులోనూ నాలుగంగుళాలు కలిపాం. ఎందుకు నాలుగన్నానో నాకూ తెలియదు, రాసేటప్పుడు ఆ అంకె బాగుందనిపించింది.

టేపు పట్టడానికి నిపుణుడు కావాలన్నారు. మా గేటు పక్కన మిషను పెట్టుకుని కుట్టే అప్పాజీని తాత్కాలిక పద్ధతి మీద తీసుకున్నాం. అతను మొదటి వారం సిగ్గుపడ్డాడు. రెండో వారం తెల్లకోటు కుట్టుకున్నాడు. మూడో వారానికి రోగి గుమ్మంలో ఉండగానే కంటితో చూసి, "మధ్యమం. బజ్జీలు తగ్గించాలమ్మా," అనేవాడు. గేటు పక్కన అతని దుకాణం బోర్డు మీద 'లేడీస్ టైలర్' కింద 'గ్రంథి నిపుణులు' అని కొత్త అక్షరాలు వెలిశాయి.

కార్యాలయంలో ముందుగా సిబ్బంది కొలతలు తీసుకుని ఆదర్శంగా నిలవాలని డైరెక్టరు గారి కోరిక. అక్కడే నూకరత్నం ఇరుక్కుంది.

నూకరత్నం మా అటెండరు. మా వీధిదే, నాకంటే పెద్దది, నన్ను తమ్ముడూ అంటుంది. భర్త పోయాక ఆ ఉద్యోగం మీదే ఇద్దరాడపిల్లల్ని చదివించుకొస్తోంది. పుల్లలాంటి మనిషి. నడిచే అలవాటు లేదు, పరుగే. కింద టీ కాచి పైకొచ్చేసరికి గ్లాసు మీద నురగ అలాగే ఉండేది. కొన్నేళ్ళ కిందట మెడ దగ్గర కాయ లేస్తే పెద్దాసుపత్రిలో కోసి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. ఇప్పటికీ మెడ మీద ఆ గాటు కనిపిస్తుంది. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే పరగడుపున బిళ్ళ వేసుకోవాలి, బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. ఆ బిళ్ళే ఆవిడకు గ్రంథి.

టేపు చుట్టి అప్పాజీ కేకేశాడు. "ఇరవై ఆరు. సాధారణం."

"సాధారణవేంటి అప్పాజీ? నాకసలు గంతి లేదు కదా," అంది నూకరత్నం.

నేను డైరెక్టరు గారికి మనవి చేశాను. ఆయన కార్డు తెప్పించుకుని చూశారు. కార్డులో 'గ్రంథి' అనే గడి ఎదురుగా స్వల్పం, మధ్యమం, తీవ్రం, సాధారణం అని నాలుగే ఉన్నాయి. 'లేదు' అని లేదు.

"సోమేశం గారూ, గ్రంథి లేకపోవడమనేది మన విధివిధానాల పరిధిలోకి రాదు. పైగా ఆలోచించండి. గ్రంథి తీసేశాక కూడా ఈమె గ్రంథి సాధారణంగా పనిచేస్తోందంటే మన కేంద్రం సేవలు ఏ స్థాయిలో ఉన్నాయో!"

అలా గ్రంథి లేని మనిషికి గ్రంథి భేషుగ్గా ఉందని ముద్ర వేశాం. వేసింది నేనే. ఆవిడ బిళ్ళలు ఆ రోజుతో ఆగిపోయాయి. హైమవతి గారు తన బ్యాగులో ఉన్న నమూనా బిళ్ళల అట్టలు రెండు ఆవిడ చేతిలో పెట్టారు. అవి అయిపోయాక డాక్టరు గారి దగ్గరా ఏమీ లేవు.

ఇంతలో ఊళ్ళో ఇంకో గొడవ మొదలైంది. ఒక హైస్కూలు పంతులమ్మ గారు క్యూలో నిలబడి, తన వంతు రాగానే అప్పాజీ చేతిలో టేపు చూసి వెనక్కి తగ్గారు.

"ఏం మాటలండీ ఇవి? పరాయి మగాడు నా నడుం కొలవడవేంటి? నేను జాకెట్టు కుట్టించుకున్నా కొలతలివ్వను. ఆది జాకెట్టు ఇచ్చేస్తాను, దాన్ని బట్టి కుట్టుకుంటారు."

ఆవిడ వెనకున్న ఆడవాళ్ళంతా "అవును మరి" అన్నారు. గొడవకు డైరెక్టరు గారు గదిలోంచి బయటికొచ్చారు. మొత్తం విని, కోప్పడాల్సింది పోయి కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకున్నారంటే నాకు రాత పని పడుతుందని అర్థం.

'ఆది వస్త్ర నిర్ధారణ విధానం' అమల్లోకొచ్చింది. ఇకనుంచి రోగి రానక్కర్లేదు, ఆది జాకెట్టు పంపితే చాలు. జాకెట్టు నడుము దాకా రాదు కదా అని నేను సందేహం వెలిబుచ్చితే, "కింద పట్టీ కొలిస్తే చాలండి, నడుం తేలిపోద్ది, నా లెక్క నాకుంది," అన్నాడు అప్పాజీ. చేపల పట్టిక లాంటిదే మరోటి తయారైంది. మగవాళ్ళ నుంచి ఆది ప్యాంట్లు తీసుకున్నాం.

జాకెట్లు బస్సు పార్సిళ్ళలో వచ్చేవి, చేతిసంచుల్లో వచ్చేవి, పక్కింటివాళ్ళతో వచ్చేవి. వచ్చినదానికి వచ్చినట్టు టోకెన్ నంబరు గుచ్చి, వరుస తప్పకుండా బెంచీల మీద పరిచేవాళ్ళం. రోగులు నిలబడాల్సి వచ్చినా జాకెట్లకు చోటు ఇవ్వాలని నియమం, ఎందుకంటే రోగులు అనధికారంగా వచ్చినవాళ్ళు. పాడైన రక్తపరీక్ష యంత్రం మీద పట్టు జాకెట్లు పెట్టేవాళ్ళం, అవి నలగకూడదని. కొందరు పెళ్ళికి ముందు కుట్టించిన జాకెట్టు పంపి ఆరోగ్యవంతులయ్యారు. కొందరివి ఉతుకులో గుంజుకుపోయి జబ్బు నయమైంది. ఒకావిడ తొందర్లో అత్తగారి జాకెట్టు పంపితే, అత్తగారికి జబ్బు లేదని, కోడలికి తీవ్రమని తేలి ఆ ఇంట్లో పెద్ద రభస జరిగింది. మేము ఇళ్ళ గొడవల్లో జోక్యం చేసుకోం.

హైమవతి గారి బల్ల మీద ఒక ఎర్ర జాకెట్టును పెట్టి మందు రాయమన్నారు. ఆవిడ స్టెతస్కోపు తీసి పక్కన పెట్టేశారు.

"దీని నాడి ఎక్కడ చూడమంటారు?"

"వ్యంగ్యం వద్దు డాక్టర్ గారూ. రోగి పట్ల గౌరవం ఉండాలి," అన్నారు డైరెక్టరు గారు. మర్నాడు ఆవిడకు మెమో ఇచ్చాం. 'రోగిని అవహేళన చేసినందుకు' అని నేనే రాశాను.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న మనిషిని నేనింతకు ముందూ చూశాను. కాని చుట్టూ ఉన్న యాభై మందీ నాలుగో కాలు కనిపించకుండా పట్టుకుని నిలబడడం ఇదే చూడ్డం.

ఈలోగా నూకరత్నం నెమ్మదించింది. ముందు మేమెవరం పట్టించుకోలేదు. పరుగు నడకయింది. నడక, గోడ పట్టుకుని నడవడమయింది. టీ చల్లారి వచ్చేది. తర్వాత పదకొండు గంటల టీ భోజనాలయ్యాక వచ్చేది. రోహిణి కార్తె ఎండల్లో, మేము ఫ్యాను కింద కూడా ఉడికిపోతుంటే ఆవిడ శాలువా కప్పుకుని కూర్చునేది. గొంతు బొంగురుపోయింది. ముఖం ఉబ్బింది, కనురెప్పలు ఉబ్బాయి. ఒక రోజు నా ఎదురుగా నిలబడి చాలాసేపు చూసి, "నిన్నెందుకు పిలిచేను తమ్ముడూ?" అని అడిగింది. నేను పిలిస్తే వచ్చిన మనిషి.

నడుము మాత్రం ఉబ్బలేదు. హైమవతి గారు చూపుడువేలితో కాలు నొక్కి చూసి, "మందు లేకపోతే ముఖం, కాళ్ళు ఇలా వాస్తాయి. అందరికీ నడుమే పెరగాలని లేదు," అన్నారు. కొందరి ఒళ్ళు ప్రభుత్వానికి సహకరించదు.

ఆవిడ నెమ్మదితనం డైరెక్టరు గారి దృష్టికీ వచ్చింది. "గ్రంథి సాధారణమని ధ్రువీకరించబడిన ఉద్యోగి మందకొడిగా వ్యవహరించడం కేవలం అలసత్వం. ఇదే కొనసాగితే విధుల నుంచి తొలగించవలసి వస్తుంది," అన్నారు. మందూ లేదు, మందు లేక ఉద్యోగమూ పోయేలా ఉంది. ఆ పిల్లలిద్దరూ రోడ్డున పడతారు. హైమవతి గారు నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. "సోమేశం గారూ, ఇంకొంతకాలం ఇలాగే వదిలేస్తే స్పృహ తప్పుతుంది. ఆ తర్వాత మనిషి దక్కదు."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని కలుపుతున్నానే గాని తినడం లేదు. మా ఆవిడ కామేశ్వరి గట్టిగా అడిగితే అంతా చెప్పాను. కామేశ్వరి కాస్త బొద్దుగా ఉంటుంది, ఆరోగ్యం రాయి.

"అయితే ఇందులో ఆలోచించడానికేముందండీ?" అని బీరువా తీసి చిలకపచ్చ పట్టు జాకెట్టు ఒకటి నా ఒళ్ళో పడేసింది. "వదినగారి పేరున ఇది ఇవ్వండి. నలభై పైనే ఉంటుంది."

"అది మన పెళ్ళిరోజుకి కుట్టించింది కదే?"

"ఆవిడ పోయాక నేను పట్టు జాకెట్టు వేసుకుని ఎక్కడికెళ్ళాలి?"

నూకరత్నం ఒప్పుకోలేదు. "దొంగ జాకెట్టు ఇస్తే నేరం కాదా తమ్ముడూ?" అని మాటమాటకీ ఆగుతూ అంది. చివరికి పెద్దపిల్ల ఏడిస్తే ఊఁ అంది. పాత కార్డు రద్దు చేసి, రోగి స్వయంగా కొలతకు రాలేనంత అశక్తురాలు కాబట్టి ఆది వస్త్రం సమర్పించిందని నేను రాశాను. ఆవిడ పక్క గదిలో గ్లాసులు కడుగుతోంది. అప్పాజీ జాకెట్టు కొలిచి, "నలభై ఒకటి. తీవ్రం!" అని అరిచాడు. ఆ సాయంత్రమే బిళ్ళలొచ్చాయి.

కొన్ని వారాల్లో నూకరత్నం శాలువా తీసేసింది. టీ మీద నురగ కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో సమీక్షా సమావేశంలో డైరెక్టరు గారు కొత్త నిబంధన తెచ్చారు. మందు ఇచ్చినందుకు ఫలితం కనిపించాలి కదా? ప్రతి కొలతకూ కనీసం రెండంగుళాలు తగ్గాలి. తగ్గకపోతే మందు వృథా అవుతున్నట్టు లెక్క, ఆపేస్తారు. జాకెట్టు మందు మింగదు, తగ్గదు. ఊళ్ళో జనం కంగారుపడ్డారు.

ఆదుకున్నవాడు అప్పాజీయే. మధ్యాహ్నం భోజనాల వేళ తెల్లకోటు విప్పి, గేటు పక్కన మిషను మీద కూర్చునేవాడు. జనం జాకెట్లు తెచ్చి ఇస్తే పక్కలు ముడిచి రెండంగుళాలు తగ్గించి కుట్టిచ్చేవాడు. రెండున్నరకి మళ్ళీ తెల్లకోటు వేసుకుని లోపలికొచ్చి, అవే జాకెట్లు కొలిచి, "తగ్గిందండోయ్!" అని ఆశ్చర్యపోయేవాడు. ఆ ఆశ్చర్యం నటన కాదని నా నమ్మకం. కోటు మారితే మనిషి మారిపోతాడు.

నేనూ వెళ్ళి చిలకపచ్చ జాకెట్టు కుట్టించుకొచ్చేవాణ్ణి. వేరే దారి లేదు. నలభై ఒకటి ముప్పై తొమ్మిదయింది, ముప్పై ఏడయింది. జాకెట్టు రోజురోజుకీ ఆరోగ్యవంతమవుతోంది. ఏ రోజున ముప్పై రెండుకి దిగుతుందో ఆ రోజు నూకరత్నం మందు మళ్ళీ ఆగిపోతుంది. ఆ సంగతి నాకూ, హైమవతి గారికీ, కామేశ్వరికీ తెలుసు. నూకరత్నానికీ తెలుసు. "ఇంకెన్ని కుట్లున్నాయంటావ్ తమ్ముడూ?" అని అడిగేది.

చివరికి దిగింది. ముప్పై ఒకటి. కేంద్రం చరిత్రలో తీవ్రం నుంచి సాధారణానికి చేరిన మొదటి కేసు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనం అంటాం, డైరెక్టరు గారు దాన్ని సంపూర్ణ స్వస్థత అన్నారు. బిళ్ళలు ఆగిపోయాయి. జాకెట్టుకు మాత్రం గాజు పెట్టె చేయించారు.

రాజధాని నుంచి ముఖ్య కార్యదర్శి గారు వస్తున్నారని, మా కేంద్రానికి రాష్ట్ర పురస్కారం ప్రకటిస్తారని కబురొచ్చింది. ఏర్పాట్లకు చాలా రోజులు పట్టింది. ఆ రోజులన్నీ నూకరత్నం మందు లేకుండానే పనిచేసింది. సభ రోజుకి ఆవిడ మళ్ళీ శాలువాలో ఉంది.

షామియానా వేశారు. మైకు పెట్టారు. వేదిక మీద మధ్యలో గాజుపెట్టె, దాన్లో చిలకపచ్చ జాకెట్టు, కింద 'కె. నూకరత్నం, వయసు 46, స్వస్థత' అని చీటీ. కార్యదర్శి గారు వచ్చి గాజుపెట్టెకు పూలదండ వేశారు. పక్కన దండలు పెట్టిన పళ్ళెం పట్టుకుని నిలబడింది నూకరత్నం. ఆవిడే నూకరత్నమని ఆయనకెవరూ చెప్పలేదు.

"శాస్త్రీయ దృక్పథానికీ, సంప్రదాయ వస్త్రధారణకూ జరిగిన ఈ సంగమం దేశానికే మార్గదర్శకం," అని కార్యదర్శి గారు మెచ్చుకున్నారు. తర్వాత, "ఇంతకీ లబ్ధిదారు ఎక్కడ? రెండు మాటలు చెప్పించండి," అన్నారు.

డైరెక్టరు గారు తడబడి, పళ్ళెం ఎవరికో ఇప్పించి ఆవిణ్ణి మైకు ముందుకు తోశారు. నూకరత్నం మైకు కర్ర పట్టుకుని నిలబడింది. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"జాకెట్టుకి బాగానే ఉందండి," అంది బొంగురు గొంతుతో. "నాకే బాలేదండి. దానికి నయవైపోయింది కదా, ఆ బిళ్ళలు నాకిప్పించండి బాబూ."

ఇప్పుడైనా తెలుస్తుంది, ఇప్పుడైనా ఎవరో ఒకరు అడుగుతారు అనుకున్నాను.

డైరెక్టరు గారు మైకు అందుకున్నారు. "విన్నారా! ఎంత వినయం! స్వస్థత పొందిన ఘనతంతా తనది కాదు, జాకెట్టుదేనని చెబుతోంది. ఇదండీ మన ప్రజల సంస్కారం!"

చప్పట్లు మారుమోగాయి. కార్యదర్శి గారు కళ్ళు తుడుచుకుని సన్మాన శాలువా గాజుపెట్టెకు కప్పారు.

నూకరత్నం వేదిక మెట్లు దిగుతూ పడిపోయింది. హైమవతి గారు, నేను ఎత్తి లోపల బెంచీ మీద పడుకోబెట్టాం. దానికోసం అక్కడున్న జాకెట్లు తీసి కింద పడేశాను. వాటికి అవమానం జరిగితే జరిగిందనుకున్నాను. ఆవిడ చేతులు మంచులా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో అనుకున్నాను, చూస్తే ఆ ముద్ర నా జేబులోనే ఉంది. హైమవతి గారు, "పెద్దాసుపత్రిలో చేర్పిస్తే నాలుగు రోజులు నిలబెడతారు. కార్డు లేకుండా ఇంటికెళ్ళాక బిళ్ళ ఎవరిస్తారు?" అన్నారు.

సభ చూడ్డానికొచ్చిన కామేశ్వరి ఇదంతా వింది. జనమంతా భోజనాల వైపు వెళ్ళాక వేదిక ఎక్కి, శాలువా పక్కకు లాగి, గాజుపెట్టె మూత తీసింది. చేతి గాజుకు తగిలించుకున్న పిన్నీసు విప్పింది. జాకెట్టును తిరగేసి, అప్పాజీ వేసిన కుట్లన్నీ ఒకదాని వెనక ఒకటి పిన్నీసుతో పటపటా తెంపేసింది. ముడిచిన గుడ్డంతా బయటికొచ్చింది. మళ్ళీ నీట్‌గా మడతపెట్టి, మూత వేసి, పిన్నీసు గాజుకు తగిలించుకుంది.

"వెళ్ళి చెప్పండి మీ డైరెక్టరుకి. జాకెట్టుకి జబ్బు తిరగబెట్టిందని."

నేను వెళ్ళి ఆ మాటే చెప్పాను. డైరెక్టరు గారి చేతిలోంచి పులిహోర ప్లేటు జారింది. కార్యదర్శి గారు ఇంకా గెస్టుహౌసులోనే ఉన్నారు. సాయంత్రం పురస్కారం ప్రకటన. అప్పాజీని పిలిపించారు. అప్పాజీ పెట్టె తెరిచి, తెగిన దారప్పోగులు చూశాడు. తర్వాత నా వంక చూశాడు. కుట్లు తెగాయంటే ముందు కుట్లు ఉన్నాయని ఒప్పుకోవాలి. గొంతు సవరించుకుని టేపు పట్టాడు.

"నలభై ఒకటండి. తిరగబెట్టేసిందండి. మందు మధ్యలో ఆపేత్తే ఇంతేనండి."

"ఎవరాపారు మందు? ఎవరు ఆపమన్నారు?" అని డైరెక్టరు గారు అందరి వంకా చూశారు. ఎవరాపారో అందరికీ తెలుసు గనుక ఎవరూ చెప్పలేదు. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "సోమేశం గారూ, రాయండి. పురస్కారం పొందబోతున్న ఈ జాకెట్టు ఆరోగ్యం రాష్ట్ర ప్రతిష్ఠకు సంబంధించినది. తగ్గినా పెరిగినా దీనికి మందు ఆపరాదు. శాశ్వతంగా! ఇకపై దీన్ని ఎవరూ కొలవరాదు, ముట్టుకోరాదు."

"మందు జాకెట్టు ఎలా వేసుకుంటుందండీ?" అని హైమవతి గారు ఏమీ ఎరగనట్టు అడిగారు.

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. "జాకెట్టు తరఫున ఎవరైనా స్వీకరించవచ్చు. ఆ అటెండరుంది కదా, పేరు కూడా అదే."

ముసాయిదా అప్పటికప్పుడు రాశాను. నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ రాయలేదు. రోగి: చిలకపచ్చ జాకెట్టు. రోగి తరఫున మందు స్వీకర్త: కె. నూకరత్నం, అటెండరు. కాలపరిమితి: రోగి ఉన్నంతకాలం. ముద్ర గుద్ది, సిరా ఆరకముందే షాపుకి పరిగెత్తాను.

ఆ తర్వాత విశ్వపతి గారు పురస్కారం ఊపులో ఇంకా పెద్ద శాఖకు వెళ్ళిపోయారు. రక్తపరీక్ష యంత్రం బాగైంది, టేపు విధానం మూలపడింది, అప్పాజీ మళ్ళీ వట్టి టైలరయ్యాడు. కొత్త డైరెక్టరు గారు పాత ఉత్తర్వులేవీ ముట్టుకోవద్దన్నారు, పురస్కారం వచ్చిన కేంద్రం కదా అని. నూకరత్నం పేరున కొత్త కార్డు తీద్దామని చూశాను. ఆవిడ సంపూర్ణ స్వస్థత పొందినట్టు రాజధానిలో నమోదైపోయింది, దాన్ని మార్చడానికి వీల్లేదట. కాబట్టి జాకెట్టు ఉత్తర్వు ఒక్కటే ఆవిడకు దిక్కు. నెలనెలా బిళ్ళలు జాకెట్టు పేరున వస్తాయి, ఆవిడ వేసుకుంటుంది. మనిషి మళ్ళీ పరుగు.

ఆవిడిప్పుడు రోజూ పొద్దున్నే ఆఫీసుకు రాగానే ముందు గాజుపెట్టె తుడుస్తుంది. వానాకాలం వస్తే చెమ్మ తగలకుండా కింద కాగితాలు మారుస్తుంది. నెలకోసారి తన డబ్బుతో కలరా ఉండలు కొనుక్కొచ్చి నాలుగు మూలలా పెడుతుంది. మొన్న అలా పెడుతూ, జాకెట్టు అంచు దగ్గర చిన్న చిల్లు కనిపిస్తే వంగి చాలాసేపు చూసింది.

"తమ్ముడూ, పట్టుగుడ్డ ఎన్నేళ్ళుంటుందంటావ్?"

నాకు తెలియదు, కామేశ్వరిని అడిగి చెబుతానన్నాను. కామేశ్వరి ఆలోచించి, పురుగు పట్టకుండా చూసుకుంటే ముప్పై ఏళ్ళు ఢోకా లేదంది. మర్నాడు ఆ మాటే నూకరత్నానికి చెప్పాను. ఆవిడ టీ గ్లాసు నా బల్ల మీద పెట్టి, వేళ్ళు ముడుస్తూ తన వయసుకు ముప్పై కలుపుకుంది.

"సరిపోద్దిలే," అంది.